అనధికార విచారం

మా పురపాలక సంఘంలో జనన మరణాల విభాగానికి రెండు కిటికీలున్నాయి. ఒకటో కిటికీలో పుట్టినవాళ్ళని రాస్తారు, రెండో కిటికీలో పోయినవాళ్ళని రాస్తారు. మధ్యలో ఉన్నవాళ్ళ బాగోగులు చూడటానికి మిగతా ఆఫీసంతా ఉందని చెబుతారు గానీ, ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నేనది కళ్ళారా చూడలేదు.

రెండో కిటికీలో ఇరవై రెండేళ్ళుగా పెచ్చెట్టి భూషణం కూర్చుంటున్నాడు. అతని మొహం గురించి ముందే చెప్పెయ్యాలి, గొడవంతా దానివల్లే వచ్చింది కాబట్టి. కనుబొమలు రెండూ బయటివైపుకి జారి ఉంటాయి. కళ్ళు అప్పుడే ఏదో వినకూడని కబురు విన్నట్టుంటాయి. కింది పెదవి కాస్త వేలాడుతుంది. నిజానికి మనిషికి ఏ దిగులూ లేదు. మధ్యాహ్నం క్యారేజీలో నెత్తళ్ళ వేపుడుంటే లొట్టలేసుకుంటూ తింటాడు, అప్పుడు కూడా మొహం అలాగే ఉంటుంది. అతని పెళ్ళిలో తాళి కట్టేముందు మావగారు పక్కకి పిలిచి, "బాబూ, నీకిష్టం లేకపోతే ఇప్పుడైనా చెప్పెయ్యి" అన్నాడట. ఎవరింట్లో శుభకార్యమైనా ఫొటో దగ్గర అతన్ని వెనక వరసలోకి పంపేస్తారు.

"నా మొహానికి ఈ లోకంలో పనికొచ్చే చోటు ఆ కిటికీ ఒక్కటేనండి, దాసు గారూ" అని నాతో ఒకసారి అన్నాడు. దాసు అంటే నేనే, ఆ విభాగానికి సీనియర్ అసిస్టెంటుని. ఆ మాట నిజం. రెండో కిటికీ దగ్గరికి వచ్చినవాళ్ళు అతన్ని చూడగానే, ఇక్కడెవరో మనవాడున్నాడనుకుని కాస్త తెరిపిన పడేవాళ్ళు.

ఆషాఢంలో ప్రాంతీయ డైరెక్టరు గారు తనిఖీకి వచ్చారు. ఇరవై నిమిషాలు తిరిగారు, ఒక కొబ్బరిబొండాం తాగారు, వెళ్ళిపోయారు. వారం తరవాత నివేదిక వచ్చింది. అందులో ఏడు వ్యాఖ్యలు. మొదటి ఆరూ మాకు పాత చుట్టాలే. బూజు, ఆగిపోయిన గడియారం, మంచినీళ్ళ కుండీ మీద మూత లేకపోవడం వగైరా. అవి ఏటా వస్తాయి, ఏటా మేము 'చర్య తీసుకొనబడుచున్నది' అని రాస్తాం. ఏడోది మాత్రం కొత్తది. రెండో కిటికీ గుమాస్తా 'లుగూబ్రియస్'గా ఉన్నాడని, పదిహేను రోజుల్లో తగు చర్య తీసుకుని నివేదించవలసిందనీ.

కమిషనరు చక్రధర్ గారు ఆ వ్యాఖ్యని మూడుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని నాలుగోసారి చదివి, అధికారులందరినీ పిలిపించారు.

"రోగమండీ ఇది" అన్నాడు శానిటరీ ఇనస్పెక్టరు. "పేరు చూత్తేనే తెలవట్లేదేంటి? దోమల వల్ల వచ్చేదే."

ఆ పూటే రెండో కిటికీ చుట్టూ బ్లీచింగు చల్లించి, భూషణం కుర్చీ కింద పొగ పెట్టించాడు. భూషణం కళ్ళు ఎర్రబడి ధారగా నీళ్ళు కారాయి. అంటే రోగం ముదిరిందన్నమాట అని ఇనస్పెక్టరు మర్నాడు కూడా పొగ పెట్టించాడు.

"డైరెక్టరు గారినే అడిగితే పోతుంది కదండీ" అన్నాను నేను.

కమిషనరు గారు నావైపు జాలిగా చూశారు. "దాసు గారూ, పై అధికారి రాసిన మాటకి అర్థం అడగడమంటే, అది మనకి తెలియదని రాతపూర్వకంగా ఒప్పుకోవడం. మీకు సర్వీసు అయిపోవచ్చింది. నాకింకా పద్ధెనిమిదేళ్ళుంది."

ఫోన్లో వెతికి చెప్పాను. దుఃఖంతో వేలాడిపోయిన వాలకం, ఏడుపుగొట్టుతనం, ఇదీ దాని అర్థం అని. కమిషనరు గారు ఒప్పుకోలేదు.

"ఫోను చెప్పేది మౌఖిక సమాచారం. రేపు దానికి జవాబుదారీ ఎవరు? అర్థాన్ని అధీకృత వ్యక్తి ధ్రువీకరించవలసి ఉంటుంది. ప్రొఫార్మా చూడండి."

తనిఖీ వ్యాఖ్యలకి జవాబు రాసే ప్రొఫార్మాలో అయిదు గళ్ళుంటాయి. వ్యాఖ్య, దాని అర్థం, దాని మూలం, తీసుకున్న చర్య, మళ్ళీ జరగకుండా చేసిన ఏర్పాటు. బూజుకి మూలం సాలెపురుగు అని రాసి ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చాం. లుగూబ్రియస్‌కి మూలం ఏమిటని రాయాలి?

ఆ పని నా నెత్తిన పడింది. చర్చి వీధిలో ఫాదర్ ఇన్నయ్య గారున్నారు. ఎనభై ఏళ్ళ మనిషి, లాటిన్ చదువుకున్నవారు. నేను వెళ్ళేసరికి కోళ్ళకి నూకలు చల్లుతున్నారు.

"మంచి మాటే రాశాడే మీ డైరెక్టరు!" అని ఆయన ముచ్చటపడ్డారు. "లాటిన్లో 'లుగేరే' అంటే దుఃఖించడం నాయనా. ఆత్మీయులు పోతే రోము నగరంలో జనం ముదురు రంగు బట్టలు కట్టేవాళ్ళు. ఆ బట్టలకి కూడా ఇందులోంచే పేరొచ్చింది. తరవాత ఇంగ్లీషువాళ్ళు తీసుకున్నారు. తీసుకుని ఊరుకున్నారా, దాన్లో ఓ చిటికెడు వెటకారం కలిపారు. వట్టి విచారమైతే ఆ మాట వాడరు. ఉండాల్సిన దానికంటే ఎక్కువుండాలి. చూసేవాడికి కాస్త నవ్వొచ్చేలా ఉండాలి."

"ఇదంతా రాసి సంతకం పెట్టి ఇస్తారాండి?"

సంతకం పెట్టారు. గెజిటెడ్ ముద్ర లేదంటే, బాప్తిస్మం పత్రాల మీద వేసే చర్చి ముద్ర వేసిచ్చారు. నేను సంబరంగా ఆఫీసుకొచ్చాను గానీ, ఆ కాగితంలో ఉన్న 'ఎక్కువ' అన్న మాట ఎంత పని చేస్తుందో అప్పుడు తట్టలేదు.

ఈలోగా కమిషనరు గారు నాలుగో గడి నింపేశారు. రెండో కిటికీలో విచారం ఉంది కనుక దాన్ని తీసి ఒకటో కిటికీలో పెట్టారు, ఒకటో కిటికీలోని ఆనందాన్ని రెండో కిటికీకి మార్చారు. అంటే భూషణం జననాలకి వెళ్ళాడు, జననాలు రాసే రత్నవల్లి మరణాలకి వచ్చింది. రత్నవల్లి నవ్వుమొహం పిల్ల. ఆమెకి చిరునవ్వు గురించి ప్రత్యేకంగా ఒక మెమో కూడా ఇచ్చారు. కిటికీ పైన బోర్డు కట్టించారు: 'మీ ఆనందమే మా ఆనందం. మళ్ళీ మళ్ళీ రండి.'

మొదటి రోజే కడలి అప్పాయమ్మ వచ్చింది. రేవులో ఐసు పెట్టెలు మోసే మనిషి. పది రోజుల కిందట మొగుడు పోయాడని రాయించుకుని వెళ్ళింది, ఇప్పుడు సర్టిఫికెట్టు కోసం వచ్చింది.

"శుభోదయం అమ్మా! మా కిటికీకి స్వాగతం!" అంది రత్నవల్లి, మెమోలో ఉన్నది ఉన్నట్టుగా.

అప్పాయమ్మ ఓ అడుగు వెనక్కి వేసి బోర్డు వంక చూసింది. ఆమెకి చదువు రాదు, అదొక్కటే మేలు.

"ఎందుకమ్మాయ్ నవ్వుతున్నావు?"

"ఆర్డరండి" అంది రత్నవల్లి. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, పెదాలు మాత్రం నవ్వుతున్నాయి. పాపం, ఆ పిల్లకి ఇంతకంటే పెద్ద శిక్ష వెయ్యలేరు.

"ఆ ఏడుపుమొగం బాబు ఏడి? ఆయన్ని పిలు. నేను ఆయనతోనే మాటాడతాను."

పక్క కిటికీలో పరిస్థితి ఇంకో రకం. లడ్డూల పెట్టె పట్టుకుని ఒక కుర్రతండ్రి వచ్చాడు. భూషణం తలెత్తి అతన్ని చూసి, "పాప పుట్టింది ఎప్పుడండీ?" అని అడిగాడు. అంతే, ఆ అబ్బాయి మొహం పాలిపోయింది. జేబులోంచి ఫోను తీసి ఆసుపత్రికి చేసి, "పాప బాగానే ఉందా? నిజం చెప్పవే" అని అరిచాడు. భూషణం లడ్డూ తీసుకున్నాడు, సంతోషమండీ అన్నాడు. అతనెంత మనస్ఫూర్తిగా అంటే వచ్చినవాళ్ళు అంత బెదిరిపోతున్నారు. ఆ వారంలో ఒకటో కిటికీ దగ్గర ముగ్గురు తాతలు సొమ్మసిల్లారు.

"నన్ను మళ్ళీ నా చోట కూర్చోబెట్టెయ్యండి దాసు గారూ" అని బతిమాలాడు భూషణం. "ఇక్కడ నన్ను చూసి పసిబిడ్డల తండ్రులు దడుచుకుంటన్నారు. పాపం తగులుద్ది."

నేను ఫైలు పట్టుకుని కమిషనరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చర్చి ముద్ర ఉన్న కాగితం చదువుతున్నారు.

"ఉండాల్సిన దానికంటే ఎక్కువ విచారం అని ఇందులో ఉంది" అన్నారు. "మరి ఉండాల్సింది ఎంత? ఆ పరిమితి నిర్ణయించకుండా అతిక్రమణ జరిగిందని ఎలా నిర్ధారిస్తాం? ఇది నియమాల్లో ఉన్న శూన్యం. ఇందు నిమిత్తం ఒక కమిటీ వేస్తున్నాను."

కమిటీకి ఆరోగ్యాధికారి డాక్టరు గారు అధ్యక్షులు. టౌన్ ప్లానింగు అధికారి సభ్యుడు. కాగితాలు రాయడానికి నేను. డాక్టరు గారు స్కేలు తెప్పించి భూషణం కనుబొమలు ఎంత కిందికి ఉన్నాయో కొలిచారు. ఎడమది పదకొండు మిల్లీమీటర్లు, కుడిది పన్నెండు. పోల్చి చూడటానికి మామూలు మొహం కావాలి కాబట్టి నాదీ కొలిచారు. కమిటీ మొదలైనప్పుడు నాది నాలుగుంది, మూడో సమావేశానికి ఏడైంది.

దారి చూపించింది టౌన్ ప్లానింగు ఆయన. "ఇది మాకు రోజూ ఉండే కేసే సార్" అన్నాడు. "ప్లానులో రెండంతస్తులకి అనుమతి ఉంటుంది, వాడు మూడోది లేపేస్తాడు. అది అనధికార కట్టడం. అలాగే మనిషికి కొంత విచారానికి అనుమతి ఉంటుంది. మిగతాది అనధికారం."

"అనుమతి ఎంతవరకు?" అన్నారు డాక్టరు గారు.

"రక్తసంబంధీకులు చచ్చిపోతే ఉద్యోగికి సెలవిస్తాం కదా సార్. అంటే అంతవరకు ప్రభుత్వం విచారాన్ని గుర్తించినట్టే. బయటివాళ్ళ కోసం పడేదంతా ప్లాను దాటిన డీవియేషను."

డాక్టరు గారు కుర్చీలోంచి లేచి ఆయనతో కరచాలనం చేశారు. భూషణం రాసిన మరణాల రిజిస్టర్లు ఇరవై రెండేళ్ళవీ తెప్పించారు. భూషణాన్ని ఎదురుగా కూర్చోబెట్టి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టారు.

"ఈయన మీకేమవుతారు?"

"ఏమీ అవడండి."

"ఈవిడ?"

"ఏమీ కాదండి."

అలా మూడు రోజులు సాగింది. అయిదు రిజిస్టర్లు అయ్యేసరికి బంధువులు ఇద్దరు దొరికారు, ఒకరు పెద్దమ్మ, ఒకరు తోడల్లుడు. తోడల్లుడు రక్తసంబంధం కాదని కొట్టేశారు, మిగతా రిజిస్టర్లు కూడా ఇంతేనని మూసేశారు.

"ఒక్క పెద్దమ్మకి తప్ప మీకు విచారపడే అర్హతే లేదు" అన్నారు డాక్టరు గారు. "మరి అందరికీ ఎందుకు పడ్డారు? కారణం చూపండి."

భూషణం చేతులు కట్టుకుని లేచాడు. "పడాలని పడ్డం కాదండి. వచ్చినోళ్ళు పేరు చెప్తారండి. ఊరు చెప్తారు. పోయిన తేదీ అడిగితే మాత్రం ఆగిపోతారు. ఇంట్లో ఏడిచేసే వత్తారు గానీ, కాయితం మీదకి ఎక్కించేటప్పుడు మళ్ళీ అప్పుడే జరిగినట్టుంటాది. అప్పుడు నేను పెన్ను కింద పెట్టేసి కూసుంటానండి. తొందర పెట్టను. నా మొగం ఎలాగూ ఇలాగే ఉంటాది కదా, ఆళ్ళకి పరాయోడి దగ్గర ఆగినట్టుండదు. అంతేనండి నేను చేసింది."

డాక్టరు గారు గ్లాసెడు నీళ్ళు తాగి నాతో చెప్పారు: "రాయండి. 'విధి నిర్వహణలో పెన్ను కింద పెట్టినట్టు ఉద్యోగి స్వయంగా అంగీకరించాడు.'"

నేను రాశాను. జీతం తీసుకునేవాణ్ణి కదా, రాయక ఏంచేస్తాను.

ఆ నివేదిక పైకి పంపేలోపలే డైరెక్టరు గారు మళ్ళీ వచ్చారు. ఈసారి తనిఖీకి కాదు. వాళ్ళ అక్కగారిది మా ఊరే. అక్కగారింట్లో ఉన్న తల్లి పోయింది. దినకర్మలయ్యాక, ముందు కబురు లేకుండా, చెప్పులు ఈడ్చుకుంటూ ఒక్కరే రెండో కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

రత్నవల్లి ఆయన్ని గుర్తుపట్టింది. గుర్తుపట్టింది కాబట్టి మెమోని అక్షరం పొల్లుపోకుండా పాటించింది. "శుభోదయం సార్! మా కిటికీకి స్వాగతం! మీ ఆనందమే మా ఆనందం!"

ఆయన ఆమె నవ్వు చూశారు, బోర్డు చూశారు. 'మళ్ళీ మళ్ళీ రండి' దగ్గర చూపు ఆగిపోయింది. తరవాత మెల్లిగా పక్కకి తిరిగారు. అక్కడ భూషణం ఉన్నాడు. డైరెక్టరు గారు ఒకటో కిటికీ ముందుకి నడిచి వెళ్ళారు.

"ఇది జననాలదండి" అన్నాడు భూషణం. "పర్లేదు. చెప్పండి."

"వేదవతి" అన్నారు ఆయన. "మా అమ్మ."

"పోయిన తేదీ అండి?"

ఆయన నోరు తెరిచారు గానీ మాట రాలేదు. భూషణం పెన్ను కింద పెట్టాడు. ఆగిపోయిన గడియారం కింద వాళ్ళిద్దరూ అలా ఎంతసేపున్నారో నేను చెప్పలేను. చివరికి ఆయన తేదీ చెప్పారు, భూషణం రాసుకున్నాడు.

కాఫీ తెప్పించి, నా బతుకులో ఎన్నడూ లేని ధైర్యం తెచ్చుకుని అడిగాను. "సార్, తమరు ఆ రోజు లుగూబ్రియస్ అని రాశారు. దాని మూలం ఏమిటో తెలిస్తే మా గడి నిండుతుంది."

ఆయన కాఫీ కప్పు కింద పెట్టారు. "అదా... నా బల్ల మీద ఒక క్యాలెండరుందయ్యా. రోజుకో చీటీ చింపాలి, చీటీకో కొత్త ఇంగ్లీషు మాట ఉంటుంది. ఆ రోజే ఎక్కడో ఒకచోట వాడేస్తే జ్ఞాపకం ఉంటుందని నా అలవాటు. ఆ రోజు చీటీలో అదొచ్చింది. మీ ఊళ్ళో దానికి సరిపడే మొహం దొరికింది." ఇలా అని భూషణం వైపు చూసి తలదించుకున్నారు. "ఆ వ్యాఖ్య కొట్టేస్తాను. ఈయన్ని ఈయన చోట కూర్చోబెట్టండి."

రోము నుంచి బయల్దేరిన మాట మా ఆఫీసుకి ఒక చింపే చీటీ మీద వచ్చిందన్నమాట. పొగ పెట్టించుకున్న భూషణానికి ఈ సంగతి చెబితే, "ఓహో అలాగా అండి" అని మాత్రం అన్నాడు. మధ్యాహ్నానికి రెండో కిటికీలో కూర్చున్నాడు. బోర్డు తీసేశారు. రత్నవల్లి ఒకటో కిటికీలోకి వెళ్ళి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా నవ్వు పంచింది. ఆ ఒక్క పూటా మా విభాగం చక్కగా నడిచింది.

వెళ్ళేముందు డైరెక్టరు గారు కృతజ్ఞతతో సందర్శకుల పుస్తకం తెప్పించుకున్నారు. జేబులోంచి చిన్న చీటీ తీసి చూసుకున్నారు. ఇంగ్లీషులో రాశారు: రెండో కిటికీ గుమాస్తా భూషణం ప్రజలతో 'అవంక్యులర్'గా ఉంటాడు.

మర్నాడు పొద్దున్నే కమిషనరు గారు ఆ పుస్తకాన్ని నాలుగుసార్లు చదివి నన్ను పిలిచారు. నేను తిన్నగా చర్చి వీధికి వెళ్ళాను.

"ఇది లాటిన్లో అమ్మ తమ్ముడు అన్న మాటలోంచి వచ్చింది" అన్నారు ఫాదర్ ఇన్నయ్య గారు. "మేనమామలాగా ఆప్యాయంగా ఉంటాడని. ఈసారి నిజంగా మెచ్చుకున్నాడు నాయనా." ముద్ర కూడా వేసిచ్చారు.

కమిషనరు గారు కాగితం చదివి కుర్చీలో వెనక్కి వాలారు. "మేనమామా! సొంత బంధువుల దరఖాస్తులు ఉద్యోగి స్వయంగా చూడకూడదని నియమం. ఇరవై రెండేళ్ళు ఇతను అదే పని చేశాడా? వెంటనే కిటికీ నుంచి తప్పించండి. విచారణ జరగాలి."

"మొన్ననే కదండీ వాళ్ళెవరూ ఇతనికి ఏమీ కారని కమిటీ తేల్చింది?"

"ఆ కమిటీ విచారం మీద వేసింది. బంధుత్వం మీద కాదు."

భూషణాన్ని కుక్కల లైసెన్సుల గదికి పంపారు. మా ఊళ్ళో కుక్కలకి లైసెన్సు తీసుకున్నవాళ్ళు ఇప్పటిదాకా ఒక్కరే, అదీ మాజీ ఛైర్మన్ గారు. పాత కమిటీయే కొత్త కమిటీ అయి, దరఖాస్తుదారుల్ని పిలిపించింది. ముందుగా వచ్చింది అప్పాయమ్మ.

"ఈ భూషణం మీకు మేనమామ అవుతారా?" అన్నారు డాక్టరు గారు.

అప్పాయమ్మ గోడవారగా నిలబడ్డ భూషణాన్ని చూసింది. "నాకెవరూ లేరు బాబూ. మా ఆయనకి మట్టిచ్చిన మూడోనాడు ఇక్కడికి ఒక్కదాన్నే వచ్చాను. తేదీ చెప్పలేకపోతే ఈ బాబు పెన్ను కిందెట్టేసి కూసున్నాడు. మేనమావుంటే ఆ రోజు అలాగే కూసునేవోడు."

"అదంతా వద్దమ్మా. అవుతాడా, అవడా? ఒక్క ముక్కలో చెప్పండి."

"అవడు" అంది అప్పాయమ్మ. కొంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ అంది, "అయితే బాగుండును."

డాక్టరు గారు, టౌన్ ప్లానింగు ఆయనా గుసగుసలాడుకున్నారు. తరవాత నాతో రాయించారు: 'ఆరోపణ పాక్షికంగా రుజువైనది.'

నకలు తీసుకెళ్ళి భూషణానికి ఇచ్చాను. కుక్కల బొమ్మలున్న గోడ కింద నిలబడి రెండుసార్లు చదివాడు.

"అంటే సగం మేనమావనాండి?"

"అంతే. మిగతా సగం కూడా రుజువైతే ఆ కిటికీ ఇక జన్మలో దక్కదు."

కనుబొమలు ఎప్పటిలాగే జారి ఉన్నాయి, పెదవి ఎప్పటిలాగే వేలాడుతోంది. "పోనీలెండి, రుజువైపోనివ్వండి" అన్నాడు.

ఇప్పుడు రెండో కిటికీలో ఎవరూ లేరు. కుక్కల లైసెన్సుల గది ముందు మాత్రం రోజూ వరస ఉంటోంది. మా ఊళ్ళో ఇన్ని కుక్కలున్నాయా అని రాబోయే తనిఖీలో ప్రశ్న వస్తుందేమోనని, దానికి సమాధానం ముందే తయారుచెయ్యమన్నారు కమిషనరు గారు. సంగతి కనుక్కుందామని నిన్న ఆ గదికి వెళ్ళాను. తెల్లచొక్కా ముసలాయన ఒకరు బల్ల ముందు నిలబడి ఉన్నారు, భార్య పేరు చెప్పి ఆగిపోయారు. భూషణం పెన్ను కింద పెట్టి ఉంది. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.